తన బుడ్డినే మొదట పరీక్షించిన సుగుణమ్మగారు

గత శనివారం కుప్పంలో సుగుణమ్మగారు ప్రభువు పిలుపందుకున్నారన్న కబురు మరునాడు పుంగనూరుకు చేరే వేళకు నేను సండేస్కూలు పిల్లలకు పాఠం చెబుతున్నాను. వాక్యం నోట్లోనే ఆగిపోయింది.

మదనపల్లెలో రసాయనశాస్త్రం బోధించిన ఆమె, సెలవు దినాల్లో ఊరూరా తిరిగి బావినీళ్ళు బుడ్లలో పట్టి బొంబాయిలోని ఒక ప్రయోగశాలకు పంపేవారు. అక్కడ మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం పరమాణువులను బరువును బట్టి వేరుచేసి, కంటికీ నాలుకకూ అందని లోహాన్ని సైతం పట్టి చూపుతుంది. ప్రతిసారీ ఆమె శుద్ధజలం నింపిన బుడ్డి ఒకటి వెంట తెచ్చి, బావి దగ్గరే మూత తీసి మళ్ళీ బిగించి, దాన్నీ పంపేవారు.

"ఇది నా మీద సాక్షి. దీంట్లో లోహం కనబడిందంటే తప్పు నా చేతిది, బావిది గాదు" అనేవారు. చర్చిలో రొట్టె, ద్రాక్షారసం తీసుకొనే ప్రభువు బల్లను సమీపించే ముందు తన్ను తాను పరీక్షించుకొనే విశ్వాసిని ఆమెలో చూశాను.

ఎనభైల మొదట్లో ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చారు. ఆరేళ్ళ మా పాప రూతు కడుపునొప్పితో ముడుచుకొని పడుకుంది. పాలిపోయిన ఆ ముఖం చూసి, పులుసు కాచే ఇత్తడి దబర వైపు చూశారు.

"కళాయి ఎప్పుడు పూయించినారప్పా?"

"ఏడాదైందమ్మా. ఏమి?"

"తగరంలో సీసం కలిపి పూస్తాండారు. పులుపుకు అది దిగుతాది. బొంబాయి కాగితం వచ్చేదాకా మట్టికుండలో కాచుకోండి."

పులుసు ఒక బుడ్డిలో, తన శుద్ధజలం ఇంకో బుడ్డిలో పట్టుకెళ్ళారు. ప్రార్థించి తినే అన్నంలో విషమెక్కడిదని నేను ఇంట్లో ఆ దబర వాడకం మాననివ్వలేదు.

మూడు నెలలకు ఉత్తరంతో వచ్చారు.

"దబర పక్కన పెట్టినారు గదా?"

"పెట్టినామమ్మా" అని అబద్ధమాడాను.

ఎప్పటిలాగే మొదట తన బుడ్డి ఫలితం కోసం వేలు పెట్టి వెతికారు. ఆ బుడ్డి మలినమై ఉండాలని, మా పులుసు ఫలితం చెల్లకుండా ఆమె చెయ్యే తప్పు చేసి ఉండాలని, నేను కళ్ళు మూసుకొని దేవుణ్ణి వేడుకున్నాను.

"నాది శుభ్రంగా ఉండాది. మీ పులుసులోనే సీసం ఉండాది. మూడు నెల్లుగా ఆపినారు గాబట్టి సరిపోయింది."

దబర ఆపనేలేదని నిజం చెప్పాను. ఆమె ముఖం తెల్లబోయింది గాని, నన్ను నిందించలేదు.

"భయపడేదేదో బస్సులో భయపడుదువులే. బిడ్డ గుడ్డలు సర్దు" అన్నారు. ఆ పూటే మమ్మల్ని వేలూరు ఆసుపత్రికి బస్సెక్కించి, తానూ ఎక్కారు. దారి పొడవునా రూతు తల ఒళ్ళో పెట్టుకొని నిమురుతూనే ఉన్నారు. వైద్యంతో బిడ్డ కోలుకోవడానికి చాలా కాలం పట్టింది.

సమాధి దగ్గర అందరూ ఆమె విద్యను, వినయాన్ని కొనియాడారు. నేను అక్కడ నోరు విప్పలేక ఇక్కడ రాస్తున్నాను. నేను ఆ రోజు అడిగింది దేవుడు ఇవ్వలేదు గనుకనే నా బిడ్డ బ్రతికింది. అలాంటి ప్రార్థనలు ఇంకెన్ని చేశానో తెలియదు. వాటి ఎదుట కాగితం విప్పి నిజం చదివే తల్లి ఇక మాకు లేదు. ఇప్పుడు మోకరించాలంటే, ఏమడుగుతానో అని భయమేస్తోంది.