పాటకు ముందు మాట రాసిన పెద్దబాపు

తమ్ముడి ఫోన్ వచ్చేసరికి నేను ఆదిలాబాద్ బస్టాండులో నిర్మల్ బస్సెక్కి కూర్చున్నాను. పెద్దబాపుకు ఒంట్లో బాగాలేదని ముందురోజే చెప్పాడు కాబట్టి, ఒకసారి చూసి వద్దామని మెట్‌పల్లికి బయలుదేరాను. "అక్కా, పెద్దబాపు పోయిండు" అన్నాడు. తర్వాత వాడే, "చాయ్ అడిగిండు. మీ మరదలు తెచ్చేలోపల్నే పోయిండక్కా. గంత తొందరేందో" అన్నాడు.

బస్సు కదలడం లేదు. డ్రైవర్ కింద ఎవరితోనో మాట్లాడుతున్నాడు. కండక్టర్ ఇంకా జనం వస్తారని చూస్తున్నాడు. నేను కూర్చోలేకపోయాను. లేచి డోరు దాకా వెళ్లాను, వెనక్కి వచ్చాను, మళ్లీ వెళ్లాను. పక్క సీటులో ముసలమ్మ తన మరాఠీ కలిసిన తెలుగులో "బస్ గ బాయీ, గంత పరేషాన్ ఎందుకు?" అని నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. కూర్చున్నాక గాని ఏడుపు రాలేదు.

మా బాపుకు, అంటే నాన్నకు, అన్న ఆయన. సినిమాలకు రాసేవాడు. పాటల సినిమాలు, నవ్వుల సినిమాలు. మద్రాసులో తెలుగు సినిమా నలుపు తెలుపుల్లో ఉన్నప్పుడు వెళ్లి, రంగులు వచ్చి, కథానాయకులు పాడడం తగ్గించి కొట్టుకోవడం మొదలుపెట్టిన కాలానికి తిరిగి వచ్చాడు. మీలో అరవై దాటినవాళ్లు ఆయన మాటలకు ఎప్పుడో ఒకప్పుడు నవ్వే ఉంటారు. ఎవరు రాశారో మాత్రం తెలిసి ఉండదు.

మాది మెట్‌పల్లిలో మగ్గాల వాడ. పెద్దబాపును కూడా మగ్గం మీద కూర్చోబెట్టాలని తాత చాలా పాటుపడ్డాడట. ఆయన కూర్చుంటే కదా! నాలుగు పోగులు నేయడం, వీధిలో ఎవరో అరిస్తే పరుగెత్తడం. ఊరికి నాటకాల కంపెనీ ఒకటి వచ్చినప్పుడు, వాళ్ల హాస్యగాడికి రోజూ సాయంత్రం కొత్త మాటలు చెప్పేవాడట. కంపెనీ డేరాలు ఎత్తేసిన రోజు పెద్దబాపు కూడా వాడలో లేడు. ఆ కంపెనీ బెజవాడలో చెదిరిపోతే అక్కడి నుంచి మద్రాసు రైలెక్కాడు.

అక్కడ దొరికిన మొదటి పని సెట్లో నటులకు డైలాగులు అందించడం. ఒకరోజు పాటకు ముందు సీను తీస్తున్నారట. కథానాయకుడు, నాయిక పోట్లాడుకుని, అలిగి, కరిగి, ఆ తర్వాత పాట ఎత్తుకోవాలి. మాటలు రెండు పేజీలున్నాయి. మధ్యాహ్నం దాటినా పాట దగ్గరికి చేరలేకపోతున్నారు. మా పెద్దబాపుకు కాళ్లు ఆగడం లేదు. ఈసారి చదవమన్నప్పుడు మొదటిదంతా వదిలేసి చివరి మూడు మాటలే అందించాడు. నటులిద్దరూ అవే అనేసి పాటలోకి వెళ్లిపోయారు. డైరెక్టర్ కోపంగా, "మిగతావన్నీ ఏవయ్యా?" అన్నాడట.

"అవన్నీ పాటలోనే ఉన్నాయండి."

డైరెక్టర్ పాట మళ్లీ వేయించుకుని విన్నాడు. పేజీలు చింపేశాడు. తర్వాతి సినిమాకు కథాచర్చల్లో ఆయనకు కుర్చీ వేశారు. "కుర్చి ఏసిన్రు గని నేను అండ్ల కూసున్నదెప్పుడు?" అని నవ్వేవాడు పెద్దబాపు ఆ సంగతి చెప్పినప్పుడల్లా. పాట గురించి ఆయనకు ఒక గట్టి నమ్మకం ఉండేది. "మాట అయిపోయినంకనే పాట రావాలె బిడ్డా. ఇంక మాట మిగిలి ఉన్నదంటే పాటకు టైం కాలేదన్నట్టు."

ఆయన చదివింది ఉర్దూ బడిలో. తెలుగు రాత ఆలస్యంగా పట్టుబడింది. అందుకని తెలుగు డైలాగులే ఉర్దూ అక్షరాల్లో కుడి నుంచి ఎడమకు గీకేసేవాడు. అది సినిమా ఆఫీసులో ఇంకెవరికీ అర్థమయ్యేది కాదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ తనే చదివితే, వేరేవాళ్లు తెలుగులో రాసుకునేవారు. మొదట వినేది మాత్రం మా పెద్దమ్మ. కోరుట్ల పిల్ల. మద్రాసు అద్దె ఇంట్లో ఆమె పప్పు రుబ్బుతుంటే ఈయన చుట్టూ తిరుగుతూ నాయకుడై, నాయికై, పక్కింటి ముసలాయనై మాట్లాడేవాడు. ఆమె నవ్వేది కాదు. బాగుంటే రుబ్బడం ఆపేది. ఆపకపోతే ఆయన ఆ సీను పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టేవాడు.

సినిమా మాటలన్నీ కృష్ణా, గోదావరి వైపు తెలుగు కదా. అది కూడా నేర్చాడు. ఊరికి వచ్చినప్పుడు పోస్టాఫీసు నుంచి మద్రాసుకు ఫోన్ చేస్తే "అలాగేనండి, తప్పకుండానండి" అనేవాడు. ఫోన్ పెట్టేసి ఇటు తిరిగి "పోదాం పాండ్రి" అనేవాడు. "మీ పెద్దబాపు నోట్లె ఇద్దరున్నరే" అనేది మా అవ్వ, అంటే అమ్మ.

ఆయన పేరు తెరమీద పడడం మొదలైన కాలం అది. రెండు మూడు సినిమాలకు పడింది కూడా. మా ఊరికి అవి రాలేదు. తర్వాత ఒకటి వస్తోందని తెలిసింది. అందులో మన మాట మాట్లాడే నౌకరు వేషం ఉందని పెద్దబాపు ఉత్తరంలో ముందే రాశాడు. నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయేమో. తాత పగటిపూట మగ్గం ఆపడం నేను ఆ రోజే చూశాను. ఉతికిన ధోవతి కట్టి, వాడంతా వెంటబెట్టుకుని టూరింగ్ టాకీసుకు బయలుదేరాడు. తాతకు చదువు రాదు. మా బాపును పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు పడుతున్నకొద్దీ గట్టిగా చదవమన్నాడు.

బాపు చదువుతూ పోయాడు. కథ, మాటలు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. అక్కడ వేరే పేరుంది.

"అయిపోయినయా?" అన్నాడు తాత.

"అయిపోయినయి."

"మనోనిది?"

నేను అవ్వ ఒడిలోంచి లేచి తాత మొహం చూడబోతే అవ్వ నన్ను గట్టిగా కూర్చోబెట్టింది.

సినిమాలో నౌకరు వచ్చాడు. నోరు తెరిచి "ఏంది దొరా" అనగానే డేరా అంతా ఈలలు. తెరమీద మన మాట వినడం ఎవరికైనా అదే మొదటిసారి. "నీకు తెలుగు రాదా?" అని దొర చెంప పగలగొట్టాడు. అందరూ నవ్వారు. తర్వాతి సీనులో నౌకరు మళ్లీ ఏదో అన్నాడు, మళ్లీ దెబ్బ. ఈసారి కొందరే నవ్వారు. అట్లా సినిమా పొడుగునా వాడు నోరు తెరవడం, దెబ్బ తినడం. సగం సినిమా దాటేసరికి మా వాడవాళ్లు నేలచూపులు చూస్తున్నారు. తాత చివరిదాకా లేవలేదు. కొడుకు తనకు అబద్ధం చెప్పాడనుకున్నాడు. ఒకవేళ చెప్పింది నిజమే అయితే, ఆ దెబ్బలు రాసింది కొడుకే అవుతాడు. ఏది ఎక్కువ బాధపెట్టిందో తెలియదు.

కొన్ని వారాలకు పెద్దబాపు ఊరొచ్చాడు. తాత మగ్గం మీద నుంచి దిగలేదు, చూడలేదు. పెద్దబాపు వాకిట్లో తిరుగుతున్నాడు, తిరుగుతున్నాడు. చివరికి తాతే మగ్గం ఆడిస్తూ అడిగాడు.

"ఆ నౌకరోని మాటలు నువ్వే రాసినవారా?"

"రాసిన బాపూ."

"మరి పేరెందుకు పడలే?"

"నేను రాసినయి వాడు మాట్లాడలే. సగం కోసేసిన్రు. నేనే తీసేయమన్న నా పేరు."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. నౌకరు ప్రతి సీనులోనూ దొరను మాటతో గెలిచేటట్టు రాశాడట. షూటింగులో నౌకరు జవాబులు ఎత్తేసి, వాటి చోట దెబ్బలు పెట్టారు. ప్రివ్యూలో చూసి ఈయన ప్రొడ్యూసర్ దగ్గరికి వెళ్లాడు. జవాబులు పెట్టండి, లేదా నా పేరు తీయండి అన్నాడు. "మీ పేరు లేకపోతే సినిమాకేం నష్టం లేదండి, మీకే నష్టం" అన్నాడు ప్రొడ్యూసర్. పెద్దబాపు పెన్ను తీసి, పేర్ల జాబితాలో తన పేరు అక్కడే కొట్టేశాడు.

తాత అంతా విన్నాడు. "అయితే నువ్వు రాసింది చెప్పు" అన్నాడు.

"గిప్పుడా?"

"గిప్పుడే. అందర్ని పిలువు."

ఆ సాయంత్రం మా వాకిట్లో వాడంతా చేరింది. పెద్దబాపు దొర, పెద్దబాపే నౌకరు. ఈ మూల నుంచి ఆ మూలకు నడుస్తూ చెప్పాడు. దొర అయినప్పుడు కండువా భుజం మీద, నౌకరు అయినప్పుడు అదే కండువా నడుముకు. "నీకు తెలుగు రాదా?" అని దొరై గద్దించి, అటు తిరిగి నౌకరై నెమ్మదిగా అన్నాడు: "వచ్చు దొరా. మీరు చెప్పేది నాకు సమజైతుంది. నేను చెప్పేది మీకు సమజైతలేదు. గిప్పుడు చెప్పుండ్రి, ఎవలికి రాదు?"

డేరాలో తల దించుకున్నవాళ్లంతా విరగబడి నవ్వారు. మా తాత నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేక దగ్గాడు. కళ్లు తుడుచుకుని, "గిది సిన్మల ఉంటేనా, ఊరంత గోడల మీద సున్నంతోని నేనే రాపిస్తుంటి నీ పేరు" అన్నాడు.

ఆ తర్వాత మద్రాసులో చాలాకాలం ఆయనకు పని లేదు. పెద్దమ్మ నగలు ఒకటొకటే తగ్గాయని మా అవ్వ చెప్పేది. పేరు లేకుండా ఇతరుల సినిమాలకు హాస్యం సీన్లు రాసిచ్చాడు. చివరికి పాటలంటే ప్రాణం పెట్టే ఒక పెద్ద డైరెక్టర్ పిలిచి మొత్తం సినిమా ఇచ్చాడు. సంగీతం మేష్టారి ఇంట్లో నడిచే కథ. ఒక్క చెంపదెబ్బ లేకుండా మొదటినుంచి చివరిదాకా నవ్వించాడు. బాగా ఆడింది. తర్వాత మరికొన్ని. ఆ తర్వాత కాలం మారింది, ఫైట్లు వచ్చాయి. "పాట ముందు మాట రాస్త గని, తన్నుల ముందు ఏం రాయాలె?" అని మూటాముల్లె సర్దుకుని మెట్‌పల్లి వచ్చేశాడు. పెద్దమ్మ పోయాక మా తమ్ముడి ఇంట్లోనే ఉన్నాడు, నా దగ్గరికి ఆదిలాబాద్ వస్తూ పోతూ.

వచ్చాడంటే ఇంట్లో ఉండేవాడు కాదు. పొద్దున్నే పత్తి మార్కెట్టుకు పోయేవాడు. బండ్ల మధ్య తిరుగుతూ రైతులూ దళారులూ సగం మరాఠీలో సగం తెలుగులో బేరాలాడుకోవడం వినేవాడు. అన్నం వేళకు వచ్చి, పళ్లెం ముందు కూర్చోకుండా ఆ బేరం మొత్తం రెండు గొంతుల్లో ఆడి చూపించేవాడు. కూర చల్లారిపోయేది. టీవీలో తన సినిమా వస్తే సోఫా వెనకాల నిలబడేవాడు. "ఆగకు, ఆగకు, గిక్కడ ఆగకురా... ఆగిండు! సంపిండు!" ఎప్పుడో చనిపోయిన నటుల మీద అరిచేవాడు. ఆ నౌకరు సినిమా మాత్రం చూసేవాడు కాదు. టీవీలో అది మొదలైతే చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవాడు. తిరిగొచ్చి గుమ్మంలోంచే "అయిపోయిందా?" అని అడిగేవాడు. ఇన్నేళ్లయినా ఆ బాధ తీరలేదు ఆయనకు.

ఒకసారి నేను మెట్‌పల్లిలో ఉన్నప్పుడు, జగిత్యాల వైపు పిల్లలు కొందరు ఫోన్లలో చిన్న సినిమాలు తీస్తూ ఆయన సంగతి తెలిసి వచ్చారు. వాటిలో అందరూ మన మాటే మాట్లాడుతున్నారు. తీసింది చూపించారు. పెద్దబాపు రెండుసార్లు చూశాడు. వాళ్లు పొగడ్త కోసం ఎదురుచూస్తుంటే, "లెవ్వుండ్రి. మంచం మీద కూసొని మాట్లాడితే పంచాయితి. నడుసుకుంట మాట్లాడితే సిన్మ" అని వాళ్లను వీధిలోకి తీసుకుపోయాడు. ఎనభై దాటిన మనిషి వెనక ఆ పిల్లలు రొప్పుతూ డైలాగులు చెప్పారు. ఇంటికి వచ్చి గుమ్మంలో ఆగి, నాతో మెల్లగా అన్నాడు: "ఎవ్వడు ఎవ్వన్ని కొడుతలేడు బిడ్డా. జూసినవా?" ఆ రోజు ఒక పూట నిమ్మళంగా నిద్రపోయాడు.

నేను మెట్‌పల్లి చేరేసరికి అంతా సిద్ధంగా ఉంది. ఆ పిల్లలే పాడె మోశారు. కుర్రకాళ్లు కదా, వేగంగా నడిచారు. వెనకబడిన ముసలివాళ్లు "జర నెమ్మది" అంటే మా తమ్ముడు, "పోనియ్యుండ్రి, ఆయనకు నెమ్మదంటే పడది" అన్నాడు. ఏడుస్తూనే అందరం నవ్వాం.

వారం దాటినా నాకు కుదురు లేదు. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వీధిలోకి తిరుగుతున్నాను. ఎవరు గట్టిగా మాట్లాడినా కిటికీ దగ్గరికి వెళుతున్నాను. ఎన్ని కథలు చెప్పించుకున్నా అడగాల్సినవి ఇంకా ఉన్నాయి.

పోయిన చలికాలంలో ఆయనను కొండగట్టు తీసుకుపోయాం. దర్శనమై బస్సెక్కాం. నీళ్లకని దిగిన పెద్దబాపు రాలేదు. కిటికీలోంచి చూస్తే కొబ్బరికాయల దుకాణం ముందు ఎవరో ఆలుమగలు పోట్లాడుకుంటున్నారు. గుడి దగ్గర విడిచిన చెప్పుల్లో ఒకటి దొరకలేదట. తప్పు నీదంటే నీదని. మా పెద్దబాపు వాళ్లకు కాస్త దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని, మెడ ఒకవైపు వంచి నిలబడి ఉన్నాడు. "పెద్దబాపూ, బస్సు పోతున్నదే!" అని అరిచాను. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆయన ఇటు తిరగలేదు. ఒక వేలు మాత్రం పైకెత్తాడు, జర ఆగండి అన్నట్టు. ఎందుకో బస్సంతా సద్దుమణిగింది. అక్కడ ఆమె ఇంకా ఏదో అనబోతోంది. ఆయన వేలు ఇంకా దించలేదు.