ముందు ఎదుటివాళ్ల మాట

అప్పట్లో రహమత్ నగర్‌లో అద్దెకుండేవాళ్లం. ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లలో హీరోయిన్ల స్నేహితురాళ్లకు గొంతివ్వడం నా పని. ఎవరో రాసిన మాటలు ఇంకెవరి పెదవులకో సరిపెట్టి చెప్పేదాన్ని. నా కూతురికైనా సొంత మాట ఉండాలని మధురానగర్‌లో చర్చి వెనక రెండు గదుల బడిలో వేశాను. నవ్వినవాళ్లను నవ్వుకోనిచ్చాను.

అక్కడ పిల్లలు కీర్తనలు కంఠతా పట్టేవాళ్లు, లాటిన్ వల్లించేవాళ్లు. కాస్త పెద్దయ్యాక తర్కం, ఆపైన నలుగురిలో నిలబడి మాట్లాడటం. బైబిలు అక్కడ వారానికొక పీరియడు కాదు, చదువంతటికీ అదే పునాది. శుక్రవారం వాదన పెట్టేవారు. దానికి టీచరమ్మ పెట్టిన షరతు ఒకటుండేది.

"ఎదుటోళ్ల మాట వాళ్లకంటె సక్కగ జెప్పు. వాళ్లు అవునన్నంకనే నీ మాట జెప్పాలె."

ఊరంతా సాఫ్ట్‌వేర్ జ్వరంతో ఊగుతున్న రోజులవి. మా ఆయన అన్నయ్య మాదాపూర్‌లో మేనేజరు. ఒక ఆదివారం చర్చి అయ్యాక మా ఇంటికి భోజనానికొచ్చి, ఐఐటీ ఫౌండేషన్ స్కూలు దరఖాస్తు బల్ల మీద పెట్టారు. అన్నగారు తానా అంటే మా ఆయన తందానా. వెంటనే పెన్ను తీశారు.

"చచ్చిపోయిన భాష నేర్చుకుని ఏ కంపెనీకి వెళ్తుందమ్మా?" అన్నారు బావగారు.

నాకు ఒళ్లు మండింది. "కంపెనీకి పనికొస్తుందా అని చూసి పిల్లని పెంచను బావగారూ. ఆలోచించడం, నిజం చెప్పడం వస్తే ఏ పనైనా నేర్చుకుంటుంది. దాన్ని అక్కణ్ణించి తీసేది లేదు."

"పంతాలతో పిల్లల జీవితాలు నడవవు," అని ఆయన తమ్ముడి వైపు తిరిగారు. మా ఆయన తల వంచుకుని దరఖాస్తులో పిల్ల పేరు రాయడం మొదలుపెట్టారు.

పదకొండేళ్ల నా కూతురు చెయ్యి కడుక్కొచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"పెదనాన్నా, మీ మాట నేను చెప్తాను, సరిగ్గా ఉందేమో చూడండి. ఉద్యోగాలన్నీ ఇప్పుడు కంప్యూటర్లవే. పోటీ ఎక్కువ. ఇప్పుడే మొదలుపెట్టకపోతే వెనకబడతాను. మాకు సొంతిల్లు కూడా లేదు, నేను స్థిరపడకపోతే ముగ్గురం ఇబ్బంది పడతాం. నా మీద ప్రేమతోనే చెప్తున్నారు. అంతేనా?"

బావగారి ముఖం మెత్తబడింది. "అంతే తల్లీ."

పని చెడిందనుకున్నాను. ఆయన పక్షం ఆయనకంటే బాగా చెప్పేసింది.

"ఇప్పుడు మీరు అమ్మ మాట చెప్పండి."

"మీ అమ్మ... అంటే, ఆ లాటినూ అదీ..." అని ఆగిపోయారు. ఆర్నెల్లుగా ఆ బడిని తిడుతున్న మనిషి, అందులో ఏం చెబుతారో ఒక్కసారీ అడగలేదు.

"పోనీ నువ్వు చెప్పు నాన్నా."

మా ఆయన పెన్ను కింద పెట్టారు. "నాకూ తెలీదమ్మా."

"అయితే తెలుసుకున్నాక సంతకం పెట్టు."

పెళ్లయిన పదమూడేళ్లకు మా ఆయన మొదటిసారి కుర్చీ నా వైపు తిప్పుకుని, "చెప్పు, వింటాను," అన్నారు. చెప్పాను. బావగారు రెండుసార్లు వాచీ చూసుకున్నా నేను ఆపలేదు. సోమవారం పొద్దున పిల్లని చర్చి వెనక బడిలో దింపొచ్చింది మా ఆయనే.