కొసరుగా ఎక్కించిన శాంపిల్

కోవిడ్ సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలంలో, రిటైర్మెంట్ దగ్గరపడుతుండగా, నన్ను ఇంగ్లండులో స్విండన్ దగ్గర ఒక చిన్న ల్యాబ్‌లో సీనియర్ వైరాలజిస్టుగా వేశారు. జూలనుంచి వచ్చే శాంపిళ్లలో జలుబు, దగ్గు తెప్పించే వైరస్‌ల జన్యుక్రమం చదవడం మా పని. మనకు ముక్కు కారి తగ్గిపోయే జలుబు చింపాంజీకి అంటితే న్యుమోనియా దాకా పోవచ్చు.

ఆ జనవరిలో మోలీ అనే ముసలి చింపాంజీ దగ్గుతోందని ఒక జూ దాని ముక్కు స్వాబ్ పంపింది. దాన్ని చూసుకునే కీపర్ హెలెన్‌కూ జలుబే. ఆమె స్వాబూ వచ్చింది. నిబంధన ప్రకారం మనిషి శాంపిల్, జంతువు శాంపిల్ మెషిన్‌లో వేర్వేరు విడతల్లో పెట్టాలి. రెండో విడతకు ఐదు రోజులు ఆగాలి. తెనాలిలో కిరాణా కొట్టు గల్లా పక్కన పెరిగినవాణ్ణి, ఖాళీ చోటు వృథాగా పోతుంటే చూడలేను.

మెషిన్ చూసే రమణిది గుంటూరు. "మోలీది పెట్టిన ప్లేటులో ఒక గడి ఖాళీయేగా, హెలెన్‌దీ ఎక్కించమ్మా" అన్నాను.

"ఇదేమన్నా మీ కొట్టా అంకుల్, కొసరు వెయ్యడానికి?" అంది. బాధ్యత నాదేనని మెయిల్ రాయించుకుని మరీ ఎక్కించింది. బేరం గెలిచిన ఆనందంలో క్యాంటీన్ మూలన కూర్చుని పెరుగన్నం డబ్బా విప్పాను. చెప్పుకుని మురిసిపోవడానికి ఎదురుగా ఎవరూ లేరు.

రెండింటిలోనూ జన్యుక్రమంలో అక్షరం తేడా లేని వైరస్ కనబడింది. హెలెన్ నుంచి మోలీకి అంటిందని రిపోర్టు రాశాను. జూవాళ్లు ఆమెను పాముల విభాగానికి మార్చారు.

వారం తర్వాత ఇంకో స్వాబ్ కోసం నేనే వెళ్లాను. హెలెన్ సందర్శకుల వైపు, అద్దం దగ్గర నిలబడి ఉంది. లోపలికి రానివ్వరు గనక రోజూ లంచ్ టైంలో ఇక్కడికొస్తానంది. ఇరవై ఏళ్లుగా మోలీని చూసుకునే డ్యూటీ తనదేనట, ఇంట్లో తనొక్కతేనట. "నేనే అంటించానని మీకు ఖాయంగా తెలుసా?" అని అడిగింది. మళ్లీ చూసి చెబుతానన్నాను.

తిరిగొచ్చి ముడి డేటా తీశాను. హెలెన్ శాంపిల్‌లో వైరస్ కుప్పలుగా ఉంది, మోలీదాంట్లో చిటికెడు. ఒకే విడతలో పెడితే చిక్కటి శాంపిల్ తాలూకు అక్షరాలు పలచటిదాని ఖాతాలోకి జారడం మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతే. మోలీ మొదటి స్వాబ్‌ను విడిగా చదివించాను. అదే జాతి వైరస్, కానీ వేరే రకం. హెలెన్‌ది కాదు.

తప్పు నాదని రాసి, రిపోర్టు సవరించి హెలెన్‌కు ఫోన్ చేశాను. అప్పటికే ఆమె వేరే ఊళ్లో ఉద్యోగానికి సంతకం పెట్టేసింది. అంతా విని, "మోలీ తింటోందా?" అంది. మా ఫారంలో ఆ గడి లేదు. కనుక్కుని మళ్లీ చేశాను: దగ్గు తగ్గింది, కొత్త కీపర్ చేతి నుంచి తింటోంది. "మంచిది" అని పెట్టేసింది.

ఆ వైరస్ మోలీకి ఎక్కడినుంచి వచ్చిందో చివరికీ తేలలేదు. విడివిడిగా రెండుసార్లు చదవకుండా ఎవరినుంచి ఎవరికి అంటిందో రిపోర్టులో రాయకూడదు. చదివాక కూడా తేలకపోతే తెలియదనే రాయాలి.