గొర్ల కోసం ఇచ్చిన పేరు

ఆ గొడవ జరిగిన రోజు నేను ఊళ్ళో లేను. మహబూబ్‌నగర్‌లో డిగ్రీ రెండో సంవత్సరం పరీక్ష రాస్తున్నాను. కెమిస్ట్రీ పేపరు, బాగానే రాశాను కూడా. ఈ సంగతి తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. విన్నవాళ్ళు తలూపారు, అంతకుమించి ఏమీ జరగలేదు.

గొడవ చిన్నదే. మా గొర్లు పక్క ఊరి రైతు కందిచేలో పడ్డాయి. ఆయన రెండింటిని పట్టి కట్టేశాడు. మా బాపు విడిపించుకోబోయాడు. తోపులాటలో ఆ రైతు గట్టు మీద పడ్డాడు, చెయ్యి విరిగింది. చెయ్యి విరిగాక దవాఖానకు, దవాఖాన నుంచి పోలీస్ స్టేషన్‌కు పోక తప్పలేదు. ఫిర్యాదులో ‘గొర్ల కాపరి’ అని మాత్రమే ఉంది. కేసు రాయడానికి పేరు కావాలి, మనిషిని తీసుకురండి అని స్టేషన్ నుంచి కబురొచ్చింది.

అప్పటికి వరికోతలు దగ్గరపడ్డాయి. ఏటా ఆ రోజుల్లో బాపు మందను తోలుకొని హుజూర్‌నగర్ దిక్కు పోతాడు. కోసిన మళ్ళలో మంద పెడితే పొలానికి ఎరువు, గొర్లకు మేత. రెండు నెలల దాకా ఇంటి ముఖం చూడడు. ఆయన కోర్టు వాయిదాలకు తిరిగితే మందను చూసే దిక్కు లేదు. ఈ ముడి విప్పడానికి కులపెద్దలు మా ఇంటిముందు మంచాలు వేసుకొని కూర్చున్నారు. పరీక్షలు అయిపోయి నేనూ అప్పటికి ఇంటికొచ్చాను.

“పిలగాడు సదువుకున్నోడు. స్టేషన్ల నాలుగు ముక్కలు మాట్లాడ్తడు. వాని పేరు రాయిద్దం,” అన్నాడు ఒక పెద్దాయన.

అందరికీ బాగుందనిపించింది. నాకూ అనిపించింది, ఇప్పుడు తలుచుకుంటే అదే వింత. చెయ్యి విరిగిన రైతును అడిగితే, “ఎవలైతేంది, ఒక పేరుండాలె గద,” అన్నాడు. బాపు ఒక్కడే, “తోసింది నేనైతే వాని పేరెందుకు?” అన్నాడు. ఆయన మాట ఎవరూ వినలేదు. తెల్లారి ఆయన మందతో వెళ్ళిపోయాడు. నేను స్టేషన్‌కు పోయి తోసింది నేనేనని చెప్పి సంతకం పెట్టాను.

మూడు వాయిదాలు తిరిగాక లోక్ అదాలత్‌లో రాజీ అయింది. బయటికొచ్చి ఆ రైతూ నేనూ మిర్చీ బజ్జీలు తిని, చాయ్ తాగి, ఒకే బస్సులో తిరిగొచ్చాం. “ఇగ కేసు ఖతం,” అన్నారు పెద్దలు. నేను దాన్ని మర్చిపోయాను.

డిగ్రీ అయ్యాక చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగానికి ఎంపికయ్యాను. మా ఇంట్లో గొర్ల వెంట పోకుండా బతకబోయే మొదటివాణ్ణి నేనే. చేరేముందు నింపే ఫారంలో, మీ మీద ఎప్పుడైనా పోలీసు కేసు నమోదైందా అని ఉంది. లేదు అని రాశాను. అబద్ధం రాస్తున్నానని తోచనే లేదు. మా దగ్గర రాజీ అయినదాన్ని కేసు అనరు.

పది రోజులకు కంపెనీవాళ్ళు పిలిచారు. టేబుల్ అవతల కూర్చున్నావిడ కంప్యూటర్ నావైపు తిప్పలేదు.

“మీ పేరు మీద రికార్డు వచ్చిందండీ. పైగా లేదని రాశారు,” అంది.

కందిచేను, పరీక్ష, మంద, అన్నీ చెప్పాను. ఓపిగ్గా వింది. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, వెరిఫికేషన్ క్లియర్ అని రావాలి, అంతే అంది. ఆమె కసురుకుని ఉంటే నాకు కోపమైనా వచ్చేది. అదీ రాలేదు. బయటికొచ్చి హైవే పక్కన నిలబడితే ఆకలి మాత్రం తెలిసింది.

స్టేషన్‌కు పోతే రికార్డులోంచి నా పేరు తీసేస్తారేమోనని ఆ రైతును వెంటబెట్టుకుని పోయాను. పాపం, అడగ్గానే వచ్చాడు. కంప్యూటర్ ముందున్న కానిస్టేబుల్‌కు విరిగి అతికిన చెయ్యి చూపించాడు.

“దెబ్బ తాకింది నాకు సార్. నాకే ఏం ఫికర్ లేదు. ఈ పిలగాని పేరు తీసెయ్యుండ్రి.”

“రాజీ అయిందని గూడ ఇందుల ఉన్నది, సూడు,” అన్నాడు కానిస్టేబుల్. “నువ్వు వద్దంటె కేసు పోయింది పెద్దమనిషీ. ఎక్కిన పేరు నా చేతులతోని పోదు.”

తర్వాత మరో రెండు కంపెనీల్లో కేసు ఉందని నిజమే రాశాను. అక్కడ వెరిఫికేషన్ దాకా కూడా రానివ్వలేదు. ఆ తర్వాత ఇంకెక్కడా దరఖాస్తు పెట్టలేదు. ఎవరైనా అడిగితే ఇంకా పిలవలేదని చెప్పేవాణ్ణి. అలా చెప్పడం అలవాటైపోయింది.

బాపుకు కూడా అదే చెప్పాను. ఆయన కొన్నాళ్ళు ఊరుకున్నాడు. ఒకరోజు పొద్దున రొట్టె తింటుంటే, ఎవరో చెప్పినట్టున్నారు, నావైపు చూడకుండా అడిగాడు.

“గా కేసుకేనా?”

అవునన్నాను.

ఆయన తుంచిన ముక్కను మళ్ళీ పళ్ళెంలో పెట్టాడు.

“నా పేరు రాయించుకుంటె అయిపోతుండె,” అన్నాడు. “గొర్లు నన్నేం కాయితం అడగయి గద.”

సగం రొట్టె వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఇందులో నీ తప్పేం లేదు బాపూ అని ఆయనకు చెప్పాల్సింది. చెంబు అందుకుని ఆయన చేతి మీద నీళ్ళు పోశాను.