మామ నోట అంకె రాదు

మా శ్యాంసుందర్ మామ నోట అంకె రాదు. లెక్కలు రావని కాదు, ఎంత మొత్తుకున్నా పైకి పలకడు.

టైమెంతైందని అడిగితే కిటికీలోంచి ఎదురుగా ఉన్న చాయ్ బండి వైపు తొంగిచూసి, "గంగుబాయి చాయ్ పెడుతున్నది" అంటాడు. పెళ్లిలో చుట్టాలు ఆయన కూతురికి ఎన్నేళ్లని అడిగితే, "పోయినేటి గౌన్లు మోకాళ్లెక్కినయ్" అని తప్పించుకున్నాడు. కరీంనగర్ బస్టాండులో ఒక ముసలాయన, "వేములవాడ బస్సు ఏ నంబరు కాడ ఆగుతది సారూ?" అన్నాడు.

"గా అరటిపండ్ల బండి ఎదురుంగ."

బండి కదిలితే ఏం చేయాలో చెప్పలేదు. పాపం, ఆ ముసలాయన బండి వెంటే రోడ్డు దాకా నడిచాడు.

గ్యాస్ బండ వచ్చిన రోజు ఇంట్లో అసలు తమాషా. తెచ్చినాయన గుమ్మంలో నిలబడి, "ఓటీపీ చెప్పుండ్రి సార్" అన్నాడు. మామ ఫోన్ తీసి అతని ముక్కు దగ్గర పెట్టాడు.

"అద్దాలు తేలే సార్. జర మీరే చదువుండ్రి."

మామ తన కళ్లద్దాలు తీసి అతనికి తొడిగాడు.

"ఏం మనిషివయ్యా! నాలుగంకెలు చెప్తే నీ సొమ్మేం పోతది?" అంది కోమలత్త వంటింట్లోంచి.

"బయటపడ్డ అంకె మళ్ల నోట్లెకు వస్తదానే?"

ఇలాంటి మనిషికి పనేమో పొద్దస్తమానం అంకెలతోనే. మందుల షాపు పైగదిలో, బడిలో వెనకబడ్డ పిల్లలకు పరీక్షలు పెట్టి, చదువు ఎక్కడ ఆగిపోతున్నదో కనుక్కునే సైకాలజిస్టు ఆయన. కొన్ని పరీక్షల్లో అంకెలు పైకి చదివి పిల్లలతో తిరిగి చెప్పించాలి. తప్పదు గనుక చదువుతాడు. గదిలోంచి బయటికి రాగానే నోరు పుక్కిలిస్తాడు. రిపోర్టులు టైపు చేసేది నేను కాబట్టి అంకెల బరువంతా నా మీదే.

తల్లిదండ్రులు ఊరుకుంటారా? జమ్మికుంట నుంచి కొడుకును తెచ్చిన ఎడ్ల బేరగాడు ఒకాయన, చేతి మీద తువ్వాల కప్పి ముందుకు చాపాడు. "అంగట్ల మేము గూడ ధర నోటితోని చెప్పం సార్. లోపట ఏలు పట్టుండ్రి, సమజైతది."

మామ తువ్వాల కింద చెయ్యి పెట్టి, కరచాలనం చేసి పంపించాడు.

ఇట్లా నవ్వుకుంటూనే ఉండేవాళ్లం, సాంబయ్య వచ్చేదాకా. సిరిసిల్లలో మరమగ్గాల మీద పనాయనది. ఆరో తరగతి చదివే బిడ్డను తెచ్చాడు. ఆ పిల్లకు కూడబలుక్కుని చదవడం కూడా రాదు.

"దీనికి తెలివున్నదో లేదో తేల్చుండ్రి సార్. లేదంటే బడి బంద్. రేపటి సంది నూలు కండెలు చుడతది" అన్నాడు, పిల్ల ముందే. ఆ పిల్ల తల ఇంకాస్త వంగింది.

పరీక్షలయ్యాక పిల్ల వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చుంది. మామ పుక్కిలించి వచ్చాడు.

"ఎంతొచ్చింది సార్?"

"కథ చెప్తే విని, మాట పొల్లు పోకుంట తిరిగి చెప్పింది. నేను మరిచింది గూడ అందించింది."

"మంచిదే. ఎంతొచ్చింది?"

"బొమ్మ ముక్కలు చిటికెల జోడించింది. అక్షరాలే దానికి కుదురుగ నిలబడతలెవ్వు. తెలివి తక్కువ గాదు. నేర్పే తీరు మార్చాలె."

"నూలుకు నంబరుంటది, బట్టకు లెక్కుంటది. నా బిడ్డ తెలివికి ఉండదా సార్?"

"ఉంటది. చెప్ప."

సాంబయ్య నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు బిడ్డా."

నేను కీబోర్డులోకి దూరిపోయాను.

"గింత దూరం ఉత్తగనే వస్తిమి!" అని విసురుగా లేచాడు సాంబయ్య. "మూడూ! దా, పోదాం."

పిల్ల లేచి నిలబడింది.

మామ తెల్లబోయాడు. "ఎవలను పిలిచినవ్?"

"దీన్నే. పోయినేడు తెలుగుల మూడు మార్కులొచ్చినయ్. బళ్లె ఎవలో అన్నరు, వాడకట్టంత అందుకున్నది. ఇంట్ల మాకు గూడ గదే అలవాటైంది సార్."

మామ మెల్లగా అన్నాడు. "నీ తాన అంకె ఉండనే ఉన్నది గదా సాంబన్నా. మళ్ల నన్ను గూడ పెట్టుమంటవా?"

లేచినవాడు మళ్లీ కూర్చున్నాడు. బిడ్డ దిక్కు చూశాడు. గోడ దిక్కు చూశాడు.

"మరి పరీక్షల ప్రశ్నలు ఎవలన్న చదివి వినిపిస్తే?"

"నోటితోని జవాబు చెప్తది. అది చెప్పింది రాసిపెట్టేటోళ్లను ఇయ్యుమని అడుగుదాం. బళ్లె మాట్లాడుడు నా వంతు. మాన్పియ్యకుంట ఉండుడు నీ వంతు."

"మాన్పియ్య తీ సార్."

సాంబయ్య మెట్లు దిగుతూ భార్య బాలవ్వకు ఫోన్ చేశాడు. స్పీకర్ నొక్కుకుపోయిందేమో, ఆమె గొంతు మా గదిలోకే వినపడింది.

"ఎంతొచ్చిందట?"

"చెప్పలే. గని మస్తు హుషారట మన నర్మద."

"ఏ నర్మద?"

"ఏ నర్మదేందే? నువ్వు గన్నదే!"

"నేనేనే అవ్వా!" అని ఫోన్లోకి కేకేసింది ఆ పిల్ల. అంత గొంతుందని నేననుకోలేదు.