రాహుకాలంలో కార్ల్‌స్టెయిన్ కోట

మా శారద వదిన కళ్ళ కోసం బయల్దేరిన ప్రయాణం ఇది. వదిన డల్లాస్‌లో ముప్పై ఏళ్ళు పాథాలజిస్ట్‌గా మైక్రోస్కోప్ చూసి రిటైరైన మనిషి. చూపు నడిమధ్య మసక మొదలైందనీ, అది ఇక తగ్గేది కాదనీ రెటీనా డాక్టర్ చెప్పిన వారమే, డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా ఇంటికి వచ్చింది. "కళ్యాణీ, ప్రాగ్ దగ్గర ఒక కోటలో బంగారు గది ఉందట. చూపుండగానే చూడాలి. టికెట్లు బుక్ చేయి" అంది. చేశాను. ఇలాంటి పనుల్లో నాకు తిరుగులేదు.

మొదటి రెండు రోజులూ ప్రాగ్‌లో కొండమీది కోటకే సరిపోయాయి. పొద్దున్నే ట్రామ్ ఎక్కి పై గేటు దగ్గర దిగండి, మెట్ల బాధ తప్పుతుంది. పాత ప్యాలెస్ పెద్ద హాల్లో ఒకప్పుడు గుర్రాల మీద పోటీలు జరిగేవట. వదిన పైకప్పు కమానుల్ని తల పక్కకి తిప్పి చూసింది. నేరుగా చూస్తే మచ్చ అడ్డొస్తుంది.

మూడోరోజు శుక్రవారం. మెయిన్ స్టేషన్‌లో తొమ్మిది దాటాక రైలెక్కితే ముప్పావుగంటలో కార్ల్‌స్టెయిన్. బంగారు గది ఉన్న కోట ఇదే. ఎదురు సీట్లో, ఒహాయో నుంచి వచ్చి మాలాగే ఆ కోటకి వెళ్తున్న లిండా మా పులిహోర తిని, "ఈ పసుపు అన్నం నాకు నేర్పాలి" అంది. స్టేషన్ నుంచి అరగంటకి పైనే కొండెక్కాలి, మంచి బూట్లు వేసుకోండి.

గేటు దగ్గర వదిన ఫోన్ చూసి కెవ్వుమంది.

"కళ్యాణీ! మన స్లాట్ రాహుకాలంలో పడింది!"

"పంచాంగం చూసే కదా పదకొండున్నర తీసుకున్నాం?"

"అది ఫ్రిస్కో సూర్యోదయం లెక్క తల్లీ. ఇక్కడ పదకొండుకే మొదలు. నేను రాను, నువ్వెళ్ళు."

నాకు ఒళ్ళు మండింది. ఆ గదికి చిన్న చిన్న గుంపుల్నే పంపుతారు. ముందే బుక్ చేసుకోవాలి, టైమ్ మార్చడం కుదరదు. ఆదివారం మా ఫ్లైట్. సముద్రం దాటొచ్చి గడప దగ్గర ఆగిపోతుందా ఈవిడ!

"పరస్థానం పెడదాం వదినా" అన్నాను. మంచి గడియలో బయల్దేరడం కుదరకపోతే, సామానొకటి ముందుగా పొరుగింట్లో పెట్టి ప్రయాణం మొదలైనట్టే అనుకోవడం మనకున్నదే కదా. మాతోపాటే కొండెక్కిన లిండా స్లాట్ పదకొండుకి ముందు. వదిన వస్తువేదైనా ఆమెతో లోపలికి పంపితే సరి.

"చెల్లుతుందంటావా?"

"మీ అమ్మగారు పెట్టలేదూ?"

"పెట్టేది" అంటూ వదిన భుజం మీది శాలువా తీసిచ్చింది.

సంగతి విని లిండా పకపకా నవ్వింది. "అంటే శాలువా లోపలికెళ్తే మీరూ వెళ్ళినట్టే! భలే పద్ధతి" అని దాన్ని మెడకి చుట్టుకుని వెళ్ళింది.

పదకొండున్నరకి మేమూ వెళ్ళాం. ఇరుకు మెట్లు. వదిన నా భుజం పట్టుకుని ఎక్కింది. తలుపు తీశారు. గోడల నిండా నున్నటి రంగురాళ్ళు, పైకప్పు నిండా బంగారం, దానిమీద గాజు చుక్కలు. వదిన తల పక్కకి తిప్పింది. ఇంకొంచెం తిప్పింది.

"కనబడుతోందా వదినా?"

"మాట్లాడకే. చూడనీ."

టైమ్ అయ్యేదాకా ఏడుస్తూనే చూసింది. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది. కిందికి దిగి, లిండా దగ్గర శాలువా తీసుకుని, ముగ్గురం వేడివేడి బంగాళాదుంప అట్లు తిన్నాం.

నన్నడిగితే ప్రాగ్‌కి నాలుగు రోజులు చాలు. కాని ఒక్కో కోటకి ఒక రోజైనా ఇవ్వండి. పరిగెత్తితే ఫోటోలే మిగులుతాయి.

డల్లాస్ ఫ్లైట్‌లో వదిన మెల్లగా అంది, "అక్టోబర్‌లో ఇంకో కోట చూద్దామే."

"మంచిరోజు చూసి చెప్పండి, బుక్ చేస్తాను."

"నా కళ్ళేమన్నా మంచిరోజు చూసుకుని మసకబారుతున్నాయా? ఏది దొరికితే అది బుక్ చేయి."