నేరేళ్ళ మెట్ట, మూడు జార్జిటౌన్లు

మొన్న సోమవారం మా సోషల్ మేష్టారు పోయేరు. నిద్దట్లోనే పోయేరని వాళ్ళావిడ కబురంపింది. చోడవరంలో ఆయన దగ్గర చదివినోళ్ళు బోలెడుమంది. నేను చదివింది రెండో తరగతే, అదీ వేరే ఊళ్ళో. అయినా నాకూ మేష్టారే. వచ్చినట్టు రాస్తన్నాను, చదివితే చదవండి.

రిటైరయ్యేక మా చెరుకు పొలాల్లో వేసిన ప్లాట్లలో ఒకటి కొని, మా పక్కనే ఇల్లు కట్టుకున్నారు. జేబులో ఇంకా సుద్దముక్క ఉండేది. టీ కొట్టు అరుగు మీద ప్రపంచం బొమ్మ గీసేసేవోరు. కొట్టోడు గొణుక్కుంటా తుడిచేవోడు. తెలీనిది అడిగితే "సూసి సెప్తాను బావా" అనేవోరు. మర్నాడు టీ రాకముందే సెప్పేవోరు.

ఆయనతో నాకు ఒకటే తగువు. ప్లాట్లకి దారి కోసం నా నేల ఊరికే ఇచ్చేను. వీధి మొగన మా నాన్న పేరుతో బోర్డు పెట్టాలన్నాను. అందరూ సరేనన్నారు. మేష్టారొక్కరే కాదన్నారు.

"నేరేళ్ళ మెట్టనే పేరుంది కదా బావా."

"అది పొలం పేరు. పేరంటే జార్జిటౌన్ లాగుండాల. కుర్రతనంలో మద్రాసు జార్జిటౌన్‌లో బెల్లం దిమ్మలు దింపినోణ్ణి నేను. రాజు పేరది!"

ఆయన సుద్దముక్క తీసేరు. "ఏ జార్జిటౌను? మలేసియాలో పెనాంగు కాడ ఒకటి. సముద్రాలవతల గయానాలో ఒకటి. ఆ రెండింటికీ ఒకే రాజు పేరు. మీ మద్రాసుది అదే వంశంలో తర్వాతి రాజుది."

"అంటే మొనగాళ్ళే."

"ఏటి మొనగాళ్ళు! ఆ ముందటాయన ఆ రెండూళ్ళ మొహమే సూళ్ళేదు. గయానాలో చెరుకు నరికినోళ్ళలో మద్రాసులో ఓడెక్కిన మనోళ్ళూ ఉన్నారు. ఒక్కడి పేరు సెప్పు సూద్దాం."

"నాకేటి తెలుసు?"

"నాకూ తెల్దు."

"మరదే నేననేది! మా నాన్నా చెరుకు నరికినోడే. ఆయన పేరు రాయకపోతే రేపెవడికి తెలుస్తాది?"

మేష్టారు సుద్దముక్క జేబులో ఏసుకున్నారు. "సూసి సెప్తాను" అని లేచి వెళ్ళిపోయేరు.

మర్నాడు టీ రాకముందే అడిగేరు. "ఆ మెట్ట మీద నేరేడు చెట్లు ఎవరేసేరు?"

"ఇంకెవరు, మా నాన్నే. చెరుకు నరికినోళ్ళు నీడన కూకుని బువ్వ తింటారని."

"అంతకు ముందు దాన్నేటనేవోరు?"

"ఏటంటారు, ఉత్త రాళ్ళ మెట్ట."

"మరింకేటి బావా! రాజు చెయ్యెట్టకుండా పేరెట్టించుకున్నాడు. మీ నాన్న చెయ్యెట్టేడు, జనం పేరెట్టేరు. దాన్ని నువ్వే తుడిచేస్తానంటన్నావు."

ఆ రోజే పెయింటరుకి కబురెట్టేను, బోర్డు మీద నేరేళ్ళ మెట్టనే రాయమని.

బోర్డు మీద అక్షరాలు మేష్టారే సుద్దతో గీసేరు, పెయింటరు రంగేసేడు. పాత చెట్లలో ఇప్పుడొకటే మిగిలింది. ఆయన తన గేటు కాడ నాటిన నేరేడు మొక్క మాత్రం నా భుజాల దాకా వచ్చింది. ఆ మొక్కకి నీళ్ళు ఇప్పుడు నేను పోస్తన్నాను.

నిన్న మాడుగుల నించి షేరాటోలో వస్తన్నాను. డ్రైవరు కొత్తోడు. నన్నెరగడు, మా నాన్ననీ ఎరగడు, మేష్టార్నీ ఎరగడు. మా వీధి మొగన బండాపి, "నేరేళ్ళ మెట్టోళ్ళు దిగండి!" అని కేకేసేడు.

దిగి, "మరోపాలి అరవరా బాబూ" అన్నాను.

పిచ్చి ముసలోడనుకున్నాడేమో, నవ్వేడు. మళ్ళీ గట్టిగా అరిచేడు.